మన సరిహద్దు కాలేజీ పిల్లల ఓటు: ఫోన్‌లో ఆంధ్రా, ఓటరు లిస్టులో ఒడిశా

గజపతి_లెక్చరర్:
అందరికీ నమస్తే. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో డిగ్రీ తెలుగు పిల్లలకి పాఠాలు చెప్తాను. చాన్నాళ్ళుగా మనసులో నలుగుతున్న విషయం ఇక్కడ పెడుతున్నా, కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మొన్న ఖాళీ పీరియడ్‌లో సెకండియర్ పిల్లలతో కూర్చుంటే కబుర్లు రాజకీయాల్లోకి మళ్ళాయి. ఎంత మాట్లాడుతున్నారండీ! అమరావతి, పోలవరం, ఆంధ్రా అసెంబ్లీలో ఎవరు ఎవర్ని ఏమన్నారు, అన్నీ డైలాగులతో సహా అప్పజెప్తున్నారు. సరే మరి మన ఎమ్మెల్యే ఎవర్రా అని అడిగాను. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మన లోక్‌సభ సీటు ఏది అంటే ఒకబ్బాయి ఏమాత్రం తడుముకోకుండా శ్రీకాకుళం అన్నాడు. పర్లాకిమిడి బరంపురం లోక్‌సభ కిందకి వస్తుందని చెప్తే నిజంగా ఆశ్చర్యపోయాడు. ఓటరు కార్డు ఎంతమందికి ఉంది అని అడిగితే లేచిన చేతులు బాగా తక్కువ. అందరికీ పద్దెనిమిది దాటాయి.

వీళ్ళకి రాజకీయం పట్టదు అనడానికి లేదు, పొద్దస్తమానం అదే చూస్తున్నారు. కానీ ఫోన్ వీళ్ళ భాషని పట్టుకుంది, ఊరిని పట్టుకోలేదు. తెలుగులో చూస్తారు కాబట్టి తెలుగు రీల్స్ వస్తాయి, తెలుగు రాజకీయ రీల్స్ అంటే ఆంధ్రా, తెలంగాణవే కదా. 2024 మే 13న మన బరంపురం సీటుకీ, ఆంధ్రా మొత్తానికీ ఒకే రోజు పోలింగ్ జరిగింది, గుర్తుందా? ఆ రోజు మా పిల్లల స్టేటస్‌ల నిండా పాతపట్నం, టెక్కలి చుట్టాల సిరా వేళ్ళే. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడి ఎన్నిక వీళ్ళకి ఇంటి పండగ. ఇవతల సొంత బూత్‌కి మాత్రం వెళ్ళలేదు చాలామంది.

2022 ఫిబ్రవరిలో మన పంచాయతీ ఎన్నికలు అయ్యాయి. ఐదేళ్ళ లెక్కన మళ్ళీ వచ్చేస్తున్నాయి. గుమ్మ, గోసాని బ్లాకుల నుంచి వచ్చే పిల్లలకి అది మొదటి ఓటు అవ్వాలి. ఈ సోషల్ మీడియా వాళ్ళని బూత్ దాకా తీసుకెళ్తుందా, లేక ప్రేక్షకులుగా కూర్చోబెడుతుందా? మీ మీ ఊళ్ళలో ఎలా ఉందో చెప్పండి.

రాయగడ_అమ్మాయి:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే కానీ తప్పంతా పిల్లల మీద వెయ్యకండి. నేను బీఎస్సీ ఫైనలియర్, రాయగడ. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా. ఒడియా చదవడం, రాయడం బాగానే వచ్చు, కానీ రాత్రి పడుకునే ముందు ఫోన్ పట్టుకుంటే వేలు తెలుగు దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు మీరే తెలుగులో రాయగడ అని కొట్టి చూడండి. మజ్జిగౌరమ్మ గుడి వీడియోలు వస్తాయి, జలపాతాల దగ్గర తీసినవి వస్తాయి. మా ఎమ్మెల్యే ఆస్పత్రికి ఏం చేశారు, మా వార్డులో డ్రైనేజీ ఎందుకు ఆగింది, ఇవి తెలుగులో చెప్పేవాళ్ళు ఒక్కళ్ళు లేరు. లేనిది మేము ఎక్కడి నుంచి చూస్తాం?

రెండోది, నేను 2024లో ఓటు వేశాను, వేయించింది ఫోనే. ఆ రోజు ఎండ ఎలా ఉందో మీకు తెలుసు, ఇంట్లో అమ్మానాన్న పొద్దున్నే వేసి వచ్చేశారు, నేను సాయంత్రం చూద్దాంలే అని పడుకున్నా. మా ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒకమ్మాయి ఫోటో పెట్టింది. ఎడమ చూపుడు వేలు, గోరు మీంచి కిందకి సిరా గీత ఇంకా తడిగానే ఉంది, వెనక స్కూల్ గోడకి పచ్చ రంగు పెచ్చులు లేచిపోయి ఉంది. కింద ఒకే మాట రాసింది, "లైన్ చిన్నదే, ఎండ ఎక్కకముందు వచ్చేయండి" అని. అరగంటలో ఇంకో రెండు వేళ్ళు వచ్చాయి. అప్పుడు లేచి మొహం కడుక్కుని వెళ్ళాను. అంతకుముందు నెల రోజులుగా కాలేజీ గేటు దగ్గర ఓటు వెయ్యండి అని ఫ్లెక్సీ ఉంది, సెల్ఫీ పాయింట్ కూడా పెట్టారు, దాని ముందు నిలబడి ఫోటో దిగాం, అంతే, దానివల్ల ఎవరూ లైన్లో నిలబడలేదు.

బరంపురం_పట్టు:
ఏటి మాస్టారూ, ఇంత ఆలోచన అక్కర్లేదండి. ఈ గుంటలకి ఫోన్ లేకపోతే ఊపిరాడదు. మాది బరంపురం, బట్టల షాపు. ఓటు వయసు 21 నుంచి 18కి దించింది 1989 మార్చి నుంచే కదా, ఆ ఏడాది నవంబర్ ఎన్నికలకి నాకు సరిగ్గా వయసు వచ్చింది, అలగ మొదటి ఓటు ఏసినాను. అప్పుడు మాకు ఫోనేది? కాలేజీలో సీనియర్లు ఒక్కొక్క ఇంటికీ వచ్చి పేర్లు రాసుకున్నారు, పోలింగ్ రోజు పొద్దున్నే సైకిల్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళారు. తర్వాత 1996లో పి.వి. నరసింహారావు గారు మా బరంపురం నుంచి నిలబడ్డారు, గెలిచారు కూడాను. ఆ ఎన్నిక సూసినవోడికి తెలుస్తాది, తెలుగు వీధులన్నీ రాత్రుళ్ళు అరుగుల మీదే ఉండీవి, ఎవులు ఏటి చేస్తారో మాటాడుకోని ఇల్లు లేదు. మనిషి వచ్చి మాటాడితే కదలాలి గాని, రీలు సూసి ఓటేసేదేటి? వందకి ఒకడు కదుల్తాడేమో.

జయపురం_స్టాట్స్:
బాబాయ్ గారూ, మీరు చెప్పిన "మనిషి వచ్చి మాట్లాడితే కదలాలి" అన్నదీ, రాయగడ సిస్టర్ చెప్పిన సిరా వేలూ రెండూ ఒకటే విషయం. నేను స్టాటిస్టిక్స్ పీజీ చేస్తున్నా, మాకు క్లాసులో చెప్పిన పెద్ద పరిశోధన ఇదే చెప్తుంది.

2010 నవంబర్ 2న అమెరికా కాంగ్రెస్ ఎన్నికల రోజు ఫేస్‌బుక్‌లో సుమారు 6 కోట్ల 10 లక్షల మంది మీద ప్రయోగం చేశారు, 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. జనాన్ని మూడు రకాలుగా విడగొట్టారు. ఎక్కువ మందికి పైన ఓటు వెయ్యమనే సందేశం, నేను ఓటేశాను అనే బటన్, దాంతోపాటు వాళ్ళ ఫ్రెండ్స్‌లో అప్పటికే ఆ బటన్ నొక్కినవాళ్ళ మొహాలు ఆరు దాకా చూపించారు. ఇంకో చిన్న గుంపుకి అదే సందేశం, మొహాలు లేకుండా. మూడో గుంపుకి ఏమీ చూపించలేదు. తర్వాత ప్రభుత్వ ఓటింగ్ రికార్డులతో సరిచూసుకున్నారు. మొహాలు చూసిన వాళ్ళు కాస్త ఎక్కువగా ఓటు వేశారు. మొహాలు లేని ఉత్త సందేశం చూసిన వాళ్ళకీ, అసలేమీ చూడని వాళ్ళకీ తేడానే లేదు! మీ కాలేజీ గేటు ఫ్లెక్సీ ఎందుకు పని చెయ్యలేదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

అయితే దీన్ని పెద్దది చేసి చెప్పకూడదు. శాతంలో చూస్తే ఆ తేడా అర శాతం కూడా లేదు. అంత పెద్ద జనాభా కాబట్టి నేరుగా 60 వేల ఓట్లు, ఆ సందేశం చూసినవాళ్ళ ప్రభావం వాళ్ళ స్నేహితుల మీద పడి ఇంకో 2 లక్షల 80 వేలు పెరిగాయని లెక్క కట్టారు. ఆ రెండో అంకె పెద్దదవడం గమనించండి. అది కూడా ఊరికే ఫ్రెండ్ లిస్టులో ఉన్నవాళ్ళ వల్ల కాదు, నిజ జీవితంలో దగ్గరివాళ్ళ వల్ల.

గజపతి_లెక్చరర్:
చాలా మంచి విషయం చెప్పావు నాయనా. అంటే మా పిల్లలకి వచ్చిన సిరా వేళ్ళు పాతపట్నం చుట్టాలవి కాకుండా పక్క బెంచీ వాడివి అయ్యుంటే కథ వేరేలా ఉండేది. అవతలి రాష్ట్రం వాళ్ళు ఎన్ని స్టేటస్‌లు పెట్టినా వీళ్ళు వెళ్ళడానికి అక్కడ బూత్ లేదు కదా.

సిరొంచ_గోదారి:
అన్నలకు నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, మహారాష్ట్ర. గదే ముచ్చట ఈడ గూడ ఉన్నది, మీరు ఆంధ్ర అంటున్నరు, మా పోరగాండ్ల ఫోన్ల నిండ తెలంగాణ. గోదావరి దాటితే అటు తెలంగాణనే కదా. కాళేశ్వరం మీద ఎవరేమన్నరో మా పోరలకు మంచిగ ఎర్కనే, మరి మా అహేరి అసెంబ్లీల ఎవరెవరు నిలవడ్డరో అడిగితే సప్పుడు జెయ్యరు. బడి మరాఠీల, ఇల్లు తెలుగుల, ఫోను హైదరాబాద్‌ల.

మా గడ్చిరోలి చిమూర్ సీటుకు 2024 ఏప్రిల్ 19న మొదటి దశలనే ఓటింగ్ అయింది. అప్పుడు మా కాలేజీ వాట్సాప్ గ్రూపుల ఒక వీడియో మస్తు తిరిగింది, నోటాకు, అంటే ఎవ్వరు వద్దు అనే బటన్‌కు, అందరికన్న ఎక్కువ వస్తే ఎన్నిక రద్దయితది, ఉన్నోళ్ళు మళ్ళ నిలవడనీకి రాదు అని. శానామంది అది నమ్మి, గా ముచ్చట కోసమే ఓటు ఎయ్యనీకి తయారైన్రు. ఇది నిజమేనా? నేను ఒక సారుని అడిగితే కాదన్నడు, ఇంకొకలు మన మహారాష్ట్రల నిజమే అన్నరు.

జయపురం_స్టాట్స్:
ఇద్దరూ సగం సగం కరెక్టే అన్నా. నోటా 2013 సెప్టెంబర్ 27 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకి ఎన్ని వచ్చినా సరే, అభ్యర్థుల్లో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళే గెలిచినట్టు. 2024లో ఇండోర్ చూడండి, అక్కడ ఒక పెద్ద పార్టీ అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకున్నాక నోటాకి వెయ్యండి అని పెద్ద ప్రచారం జరిగి 2 లక్షల 18 వేలకు పైగా నోటాకి పడ్డాయి, అయినా గెలిచిన అభ్యర్థి గెలిచాడు. మీ మహారాష్ట్రలో స్థానిక సంస్థలకి మాత్రం రాష్ట్ర ఎన్నికల సంఘం 2018లో వేరే రూల్ పెట్టింది, అక్కడ నోటాకి అందరికంటే ఎక్కువ వస్తే మళ్ళీ ఎన్నిక పెట్టాలి. ఆ రూల్‌ని పట్టుకొచ్చి ఎవరో లోక్‌సభకి అంటించి వీడియో చేసి ఉంటారు.

ఇచ్ఛాపురం_రూట్:
అందరికీ హాయ్. మాది ఇచ్ఛాపురం, రోజూ బరంపురం కాలేజీకి అప్ అండ్ డౌన్. నా ఓటు ఆంధ్రాలో, కాబట్టి నా ఫోన్లో వచ్చేదీ నా ఓటూ ఒకచోటే ఉన్నాయి, మీరు చెప్పే సమస్య నాకు లేదు. నా సమస్య ఇంకోటి.

నేను ఇంటర్ నుంచి ఫాలో అవుతున్న ఒక సినిమా మీమ్స్ పేజీ ఉంది, పేరు చెప్పను. ఎప్పుడూ హీరోల మీద జోకులే. ఎన్నికలకి రెండు మూడు నెలల ముందు మధ్యమధ్యలో ఒక నాయకుడి మీద ఎటకారం పోస్టు రావడం మొదలైంది, మొదట నవ్వుకున్నాం. తర్వాత రోజుకి రెండు, తర్వాత నాలుగు. ఎప్పుడూ ఒకవైపే. ఎన్నికలు అయిన వారానికి మళ్ళీ సినిమా జోకులు. మా బ్యాచ్‌లో అందరం ఆ పేజీ చూస్తాం, ఆ రెండు మూడు నెలల్లో ఆ నాయకుడి పేరెత్తితే ఆటోమేటిక్‌గా నవ్వొచ్చేది, ఆయన ఏం చేశాడో ఏం చెయ్యలేదో ఎవరం మాట్లాడుకోలేదు. ఇది ప్రకటన అని ఎక్కడా రాసి ఉండదు. టీవీలో యాడ్ వస్తే యాడ్ అని తెలుస్తుంది, ఇది ఫ్రెండ్ జోకేసినట్టు ఉంటుంది. నన్ను భయపెట్టేది ఇదే. ఓటు వెయ్యాలా వద్దా అనేది ఫ్రెండ్ మొహం చూసి డిసైడ్ అవుతుంటే, ఎవరికి అనేది ఫ్రెండ్ వేషం వేసుకున్న పేజీ చూసి డిసైడ్ అవుతోంది.

కొరాపుట్_కాఫీ:
తమ్ముడూ భలే చెప్పావు. రూల్స్ లేకపోలేదు. పార్టీలూ అభ్యర్థులూ సోషల్ మీడియాలో ఇచ్చే ప్రకటనలకి ముందే ఎన్నికల సంఘం మీడియా కమిటీ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి, అభ్యర్థి నామినేషన్ అఫిడవిట్‌లో తన సోషల్ మీడియా ఖాతాలు రాయాలి, ఆ ఖర్చు ఎన్నికల ఖర్చులోనే చూపించాలి. ఒడిశాలో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు పరిమితి. కానీ మీమ్స్ పేజీ వాడికి ఎవరైనా చేతిలో డబ్బు పెడితే అది ఏ లెక్కలోకి వస్తుంది? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో నేరుగా డబ్బు కట్టి నడిపిన రాజకీయ యాడ్స్ అయితే మెటా వాళ్ళ యాడ్ లైబ్రరీలో ఎవరు ఎంత ఖర్చు పెట్టారో ఎవరైనా చూసుకోవచ్చు, మన పిల్లలకి అది చూపించాలి. దొంగచాటు పోస్టులు అందులో కనపడవు.

బరంపురం_పట్టు:
అదే కదా నాను సెప్పింది. ఫోన్ నమ్మకూడదు.

రాయగడ_అమ్మాయి:
బాబాయ్ గారూ, అరుగు మీద కూర్చుని చెప్పినవన్నీ నిజాలేనా మరి? పోలింగ్ ముందురోజు రాత్రి ఇంటికొచ్చి కవరు చేతిలో పెట్టి చెప్పే మాట ఫోన్ కంటే గొప్పదా? మా ఇంట్లో ఇప్పటికీ నాన్నగారు ఎవరికి అంటే అందరూ వాళ్ళకే, నాన్నమ్మకి గుర్తు బొమ్మ గీసి చూపించి పంపుతారు. నేను ఫోన్‌లో చూసి, ఇద్దరు అభ్యర్థుల అఫిడవిట్లు దింపుకుని చదివి, మొదటిసారి నా అంతట నేను ఆలోచించి వేశాను. ఎవరికి వేశానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. ఆడపిల్లలకి ఈ ఫోన్ వల్ల దొరికిన ఆ కాస్త స్వేచ్ఛని తీసిపారేయకండి దయచేసి. అభ్యర్థి మీద కేసులు, ఆస్తులు, చదువు అన్నీ ఆ అఫిడవిట్‌లో ఉంటాయి, ఎన్నికల సంఘం సైట్‌లోనే దొరుకుతుంది. ఇది అరుగు మీద ఎవరూ చెప్పరు.

బరంపురం_పట్టు:
అమ్మా, నువ్వు సెప్పిన కవరు మాట నిజమే, కాదన్ను. మా వీధిలోనూ ఉంది. మా పాప కూడా నీ ఈడుదే, తను అఫిడవిట్ సదివి ఓటేస్తానంటే నాకు సంతోషమే. నా బాధ ఏటంటే ఈ పిల్లల్లో నీలాగ దింపుకుని సదివేవోళ్ళు ఎంతమంది?

మోడరేటర్:
చర్చ బాగుంది, ఇలాగే నడవనివ్వండి. పార్టీల పేర్లు, తిట్లు వద్దు. ఇంకో విషయం, ఒక సభ్యుడు పెట్టిన ఫార్వార్డ్ తీసేశాను. అదేంటంటే, లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి 49ఏ కింద చాలెంజ్ ఓటు అడగొచ్చు, టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అని. ఇది ఏళ్ళ తరబడి ప్రతి ఎన్నికకీ తిరుగుతున్న అబద్ధం. లిస్టులో పేరు లేకపోతే ఓటు లేదు, అంతే. చాలెంజ్ అనేది లైన్లో ఉన్న మనిషి అసలు ఆ మనిషి కాదని పోలింగ్ ఏజెంట్ అభ్యంతరం చెప్పడం. టెండర్ ఓటు మాత్రం నిజంగానే ఉంది, మీ పేరు మీద ఎవరో ముందే వేసేసి ఉంటే మీకు కాగితం బ్యాలెట్ ఇస్తారు. ఆ 14 శాతం రూల్ ఎక్కడా లేదు.

గజపతి_లెక్చరర్:
మోడరేటర్ గారూ ఇది తీసేసి మంచిపని చేశారు. ఈ ఒక్క ఫార్వార్డ్ వల్ల ఎంత నష్టమో చెప్తాను. మా పిల్లల్లో కొందరు పేరు నమోదు చేసుకోకపోవడానికి చెప్పిన కారణం ఇదే, ఆధార్ ఉంది కదా సార్, ఆ రోజు చూపిస్తే చాలంట కదా అని. పోలింగ్ రోజు వెళ్ళి వెనక్కొచ్చినవాళ్ళు మళ్ళీ ఆ వైపు చూడట్లేదు. మొదటిసారే అలా తిప్పి పంపిస్తే ఆ వయసులో మనసు విరిగిపోతుంది.

ఇచ్ఛాపురం_రూట్:
ఒక డౌట్, కొంచెం సున్నితమైన విషయం. మా వైపు కొందరికి రెండు వైపులా కార్డులు ఉన్నాయి. అమ్మమ్మ ఊరు ఒడిశా, నాన్న ఊరు ఆంధ్రా, రెండు చోట్లా పేర్లు ఎక్కించారు పెద్దవాళ్ళు. 2024లో రెండు చోట్లా ఒకే రోజు పోలింగ్ పడింది కాబట్టి కుదరలేదు గానీ, రెండు కార్డులు చేతిలో పట్టుకుని రీల్ చేసినవాడు కూడా ఉన్నాడు, దానికి లైకులు బాగా వచ్చాయి. ఇది తప్పు కాదా?

కొరాపుట్_కాఫీ:
ముమ్మాటికీ తప్పే తమ్ముడూ. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదు. నమోదు చేసుకునేటప్పుడు ఇంకెక్కడా లేదని రాసి సంతకం పెడతాం, అది తెలిసి అబద్ధం రాస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ రీల్ చేసిన అబ్బాయికి మంచిగా చెప్పి వీడియో తీయించెయ్, ఒకచోట ఫారం 7 పెట్టి పేరు తీయించుకోమను.

మా కొరాపుట్‌లో కొటియా సంగతి వేరు, దాన్ని దీనితో కలపకండి. పొట్టంగి బ్లాకులో కొటియా గ్రామాల మీద ఒడిశా, ఆంధ్రా రెండూ హక్కు చెప్తున్నాయి, అక్కడి జనానికి రెండు రాష్ట్రాల కార్డులూ రెండు ప్రభుత్వాలే ఇచ్చాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే పెద్ద గొడవై సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ ఊళ్ళ వాళ్ళని రెండు ఓట్ల దొంగలు అన్నట్టు వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టినవాళ్ళని చూస్తే నాకు మండిపోతుంది. రోడ్డు కోసం, రేషన్ కోసం రెండు వైపులా తిరగాల్సి వచ్చిన కొండ మీది మనుషులు వాళ్ళు. అక్కడి కుర్రాళ్ళలో కాలేజీకి కిందకి వచ్చినవాళ్ళు ఉన్నారు, ఆ వీడియోల కింద కామెంట్లు చదివాక మేము ఎటు ఓటు వేసినా తిడతారు అన్నా అని నాతో అన్నవాడు ఉన్నాడు. సోషల్ మీడియా ఓటు వేయించడమే కాదు, ఇలా మానిపిస్తుంది కూడా.

సిరొంచ_గోదారి:
గీ మాట మస్తు బాధయింది అన్నా చదువుతుంటె. మా దిక్కు గూడ అంతే, బయటోళ్ళు వచ్చి అడివి, తుపాకి తప్ప ఏం జూపియ్యరు వీడియోలల్ల. ఎండల ఎంతెంత దూరం నడిచొచ్చి లైన్ల నిలవడ్డ ముసలోళ్ళను ఎవరు జూపియ్యరు.

రాయగడ_అమ్మాయి:
అయితే మనమే చూపిద్దాం కదా. సమస్య ఏంటో అందరం చెప్పాం, మన ఊరి విషయం మన భాషలో లేదు అని. మా క్లాసులో ఎడిటింగ్ వచ్చినవాళ్ళు ఉన్నారు. ఏ పార్టీ గురించీ కాకుండా, పంచాయతీ ఎన్నికంటే ఏంటి, వార్డు మెంబరు, సర్పంచ్, సమితి మెంబరు, జిల్లా పరిషత్ మెంబరు, వీళ్ళలో ఎవరి పని ఏంటి, సర్పంచ్‌కి పార్టీ గుర్తు ఉండదు, జిల్లా పరిషత్‌కి ఉంటుంది, ఇలాంటివి చిన్న చిన్న వీడియోలుగా తెలుగులో చేస్తే? మాట్లాడేది ఆ ఊరి పిల్లలే అయ్యుండాలి. మొహం తెలిసినవాళ్ళు చెప్తే వింటారని ఇందాక స్టాట్స్ బ్రదర్ చెప్పారు కదా.

జయపురం_స్టాట్స్:
నేను రెడీ. కాకపోతే ఒక మాట, వీడియో చూసి లైక్ కొట్టడం వేరు, ఫారం నింపడం వేరు. 2024 ఎన్నికలకి దేశం మొత్తం మీద 18, 19 ఏళ్ళ ఓటర్లు సుమారు కోటి 80 లక్షల మందే నమోదయ్యారు, ఆ వయసు జనాభాలో అది సగం కూడా కాదు. అంటే ఓటు వెయ్యడం, మానడం అనే ప్రశ్న రాకముందే సగానికి పైగా పిల్లలు బయట ఉండిపోయారు. ఎన్నికల సంఘం, ఫేస్‌బుక్ కలిసి 2017 జులైలో 13 భాషల్లో నమోదు రిమైండర్లు ఇచ్చాయి, తెలుగు, ఒడియా కూడా ఉన్నాయి అందులో. నోటిఫికేషన్ ఎంత వచ్చినా పక్కన కూర్చుని నింపించేవాడు ఒకడు ఉండాలి.

గజపతి_లెక్చరర్:
నేను చేయబోయేది అదే. వచ్చే శనివారం క్లాసయ్యాక ల్యాబ్‌లో కూర్చోబెట్టి కొత్త ఓటరు నమోదు ఫారం, అదే ఫారం 6, ఆన్‌లైన్‌లో నింపిస్తాను. నాతో ఇద్దరు పిల్లలు ముందే నింపి చూశారు. కష్టం ఎక్కడొచ్చిందో చెప్తాను, మిగతా ఊళ్ళవాళ్ళకి పనికొస్తుంది. ఇంగ్లీషులో పేరు కొడితే పక్కన ఒడియాలో దానంతటదే వచ్చేస్తుంది, ఇంటిపేరు ముందు ఉండే మన పేర్లని అది చిత్రవధ చేస్తోంది. ఒకమ్మాయి పేరులో ఒత్తు మొత్తం ఎగిరిపోయింది. సబ్మిట్ కొట్టేముందు ఆ ఒడియా గడి చూసి చేత్తో సరిదిద్దుకోవాలి, లేకపోతే తర్వాత తప్పులు దిద్దించుకునే ఫారం 8 పట్టుకుని తిరగాలి. ఇంట్లోవాళ్ళ ఓటరు కార్డు నంబరు ఒకటి దగ్గర పెట్టుకుంటే మంచిది, అదే బూత్‌లో పడుతుంది. చివర్లో వచ్చే రిఫరెన్స్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి క్లాస్ గ్రూప్‌లో పెట్టమన్నాను, సిరా వేలు కంటే ముందు అది స్టేటస్ అవ్వాలి అని.

ఇచ్ఛాపురం_రూట్:
మాస్టారూ, హాస్టల్లో ఉండేవాళ్ళ సంగతేంటి? మా ఫ్రెండ్ ఒకడు మోహన అనే ఊరి నుంచి వచ్చి బరంపురం హాస్టల్లో ఉంటున్నాడు. ఇంకొకడు బరంపురం వాడే, విశాఖలో చదువుతున్నాడు, పోస్టల్ బ్యాలెట్ ఉంటుందని ఎవరో యూట్యూబ్‌లో చెప్పారంట.

కొరాపుట్_కాఫీ:
స్టూడెంట్స్‌కి పోస్టల్ బ్యాలెట్ లేదు. అది సైన్యం వాళ్ళకి, ఎన్నికల డ్యూటీ వాళ్ళకి, 85 దాటిన వృద్ధులకి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకి, ఇంకా కొన్ని అత్యవసర సేవలవాళ్ళకి. హాస్టల్ పిల్లలు రెండిట్లో ఒకటి ఎంచుకోవచ్చు, ఇంటి దగ్గరైనా, హాస్టల్ అడ్రస్ మీదైనా. హాస్టల్ అయితే కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో చదువుతున్నట్టు సర్టిఫికెట్ పెట్టాలి. మోహన అబ్బాయికి పంచాయతీలో ఓటు కావాలంటే ఊళ్ళోనే ఉంచుకోమను. విశాఖ అబ్బాయి ఇంటి దగ్గర ఉంచుకుంటే ఆ రోజుకి రైలెక్కి రావాల్సిందే.

సిరొంచ_గోదారి:
మా చెల్లెకు డిసెంబరుల 18 నిండుతయి, ఇప్పుడే పెట్టొచ్చా?

జయపురం_స్టాట్స్:
పెట్టొచ్చు అన్నా, 17 దాటితే ముందే అప్లై చెయ్యనిస్తారు. 2022 నుంచి ఏడాదికి నాలుగు తేదీలు లెక్క, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. డిసెంబరులో 18 నిండితే జనవరి 1 లిస్టుకి వస్తుంది. బీఎల్ఓ, అంటే బూత్ స్థాయి అధికారి, ఇంటికి వచ్చినప్పుడు వయసు కాగితం, అడ్రస్ కాగితం చూపిస్తే చాలు. లేటైతే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చెయ్యండి.

బరంపురం_పట్టు:
మాస్టారూ, శనివారం మీరు పర్లాకిమిడిలో పెడతన్నారు కదా, అలగే ఇక్కడ మా షాపులో ఆదివారం మధ్యాన్నం ఖాళీయే, కుర్చీలు ఉన్నాయి, నెట్టు ఉంది. మా పాప ఫారం నింపుతాది. మా వీధి తెలుగు గుంటల్ని నాను ఇంటింటికీ వెళ్ళి పిలుస్తాను. రాయగడ అమ్మా, నీ వీడియోలు తయారైతే నాకూ పంపు, మా వీధి గ్రూప్‌లో ఎడతాను.